తెల్ల సోమవారం

ఆదివారం ఆ ఇంట్లో అందరికీ సెలవే, తెల్లబట్టలకి తప్ప. మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్త పేపరు మొహం మీద కప్పుకుని సోఫాలో ఒరిగిపోతాడు. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కునికిపాట్లు పడుతుంది. ఎనిమిదో తరగతి చదివే కూతురు మంచం మీద బోర్లా పడుకుని కథల పుస్తకం తిరగేస్తుంది. లెక్కల టీచర్ మాత్రం స్నానాల గదిలో చిన్న పీట వేసుకుని బకెట్ల ముందు కూర్చుంటుంది. ఒకదాంట్లో కూతురి తెల్ల చొక్కా, తెల్ల స్కర్టు. ఇంకోదాంట్లో భర్త ఆఫీసు చొక్కాలు. పక్కన తన మీగడరంగు బట్టలు, ఎందుకంటే సోమవారం పిల్లలకి తెలుపైతే ఆడ టీచర్లకి మీగడరంగు. మగ టీచర్లు ఏ రంగైనా వేసుకోవచ్చు. ఆ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగే తీరికే ఉంటే ఇంకో రెండు కాలర్లు రుద్దుకోవచ్చు.

తెలుపు ఉతకడం ఒక విద్య. ముందు నానాలి, తర్వాత బ్రష్షు, తర్వాత జాడింపు, చివర్న చిటికెడు నీలిమందు. నీలి ఎక్కువైతే చొక్కా కమిలిన చర్మంలా కనబడుతుంది, తక్కువైతే ముసలి పన్నులా కనబడుతుంది. "తెల్లబట్ట ఆ ఇంటి ఆడదాని గురించి చెబుతుందమ్మా" అని పెళ్ళైన కొత్తలో అత్తగారన్న మాట ఆ నీలిమందులాగే ఆమెలో కరిగిపోయింది. భర్తది ఇంకో తీరు. స్నేహితుల ముందు ఒకసారి కాలరు మడిచి చూపించి, "తెల్లచొక్కా తెల్లగా ఉతకడం రాదు గానీ, ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు చెబుతుందండీ మా ఆవిడ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే అలిగిందంటారు, అలిగితే సరసం తెలియదంటారు. నవ్వుతూనే ఆ కాలరు మీది గీతని మనసులో గుర్తు పెట్టుకుని, మర్నాడు పళ్ళుతోముకునే పాత బ్రష్షుతో దాని పని పట్టింది.

ఆ ఆదివారం చేతులు బకెట్లో ఉన్నా మనసు ఉపన్యాసం మీదుంది. శనివారం తల్లిదండ్రుల సభ. వచ్చే ఏడు నుంచి సోమవారమే కాదు, అన్ని రోజులూ తెలుపే అని స్కూలు కమిటీ అనుకుంటోంది. ఊరవతల పెద్ద స్కూలు పిల్లలు రోజూ తెలుపు వేసుకుంటారు, ర్యాంకులన్నీ వాళ్ళకే వస్తాయి, కాబట్టి తెలుపుకీ ర్యాంకుకీ ఏదో బంధుత్వం ఉందని కమిటీ వాళ్ళ నమ్మకం. ఆ మాటని తల్లిదండ్రుల చెవికెక్కించే పని పెద్దసారు ఆమెకి అప్పజెప్పాడు. "నువ్వు చెబితే వింటారమ్మా. లెక్కల మనిషివి, ఉత్తుత్తి మాట చెప్పవని అందరికీ తెలుసు. పైగా ఉప ప్రధానోపాధ్యాయుడి కుర్చీ ఖాళీ అవుతోంది. కమిటీ వాళ్ళు కూడా ముందు వరసలో కూర్చునే ఉంటారు."

పెద్దసారు అంటే ఆ స్కూలు ప్రధానోపాధ్యాయుడు. చెడ్డమనిషి కాదు. ఆయన వచ్చేనాటికి పిల్లలు ఎవరికి తోచింది వాళ్ళు వేసుకొచ్చేవాళ్ళు. బూట్ల మీద కొట్లాటలు, చిరుగుల మీద ఎగతాళి. కలిగినవాళ్ళ పిల్లలు ఒక బెంచీలో, లేనివాళ్ళ పిల్లలు ఒక బెంచీలో. ఆయన పట్టుబట్టి నీలం యూనిఫాం తెచ్చాడు. ఏడాది తిరక్కుండానే బెంచీలు కలిసిపోయాయి. అది ఆమె కళ్ళారా చూసింది.

చూడకపోయినా నమ్మేది. యూనిఫాం గురించి ఆమెకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నలుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరిది. ఆమె ఒంటి మీదికి వచ్చే ఏ బట్టయినా అప్పటికే ముగ్గురు నలుగురి ఒళ్ళు చూసి ఉండేది. ఒకరోజు క్లాసు మధ్యలో పెదనాన్న కూతురు లేచి, "అది నా పాత గౌను, జేబు దగ్గర నేనే చింపాను, కావాలంటే చూడండి" అంది. పిల్లలు మూగి చూశారు. ఆ రోజు నుంచి ఆమె జేబు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఒక చెయ్యి జేబుకి, ఒక చెయ్యి పలకకి. ఇంక జవాబు చెప్పడానికి ఎత్తే చెయ్యేదీ? తర్వాతి ఏడు ఆ స్కూల్లో యూనిఫాం పెట్టారు. ముతకది, ముదురు ఆకుపచ్చది, ఎవరి గౌనో ఎవరూ అడగలేనిది. ఆ ఏడే ఆమె మొదటిసారి చెయ్యెత్తింది. అందుకే ఉపన్యాసంలో ఒక్క అబద్ధమూ చెప్పనక్కర్లేదని ఆమె ధీమా. దానికి తోడు ఇంకో సాక్ష్యం దొరికింది. సోమవారాలు స్కూలు నిశ్శబ్దంగా ఉంటుంది. పరుగులు తక్కువ, మధ్యలో లేచి తిరగడాలు తక్కువ, దండనకి వచ్చే పిల్లలు తక్కువ. అల్లరి పిల్లల్ని చూసుకునే పని ఆమెదే గనక ఆ తేడా బాగా తెలుసు. పెద్దసారుతో అంటే ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా మరి. తెలుపు వేసుకున్న పిల్ల ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది."

ఆ వాక్యంతోనే ఉపన్యాసం మొదలుపెట్టాలనుకుంది.

సోమవారం మొదటి గంట పదో తరగతికి. ఆమెకి ఒంట్లో బాగాలేదు. నెలలో వచ్చే రోజులే, రెండో రోజు. పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ మెలిపెట్టి పిండుతున్నట్టుంది. ఇలాంటి సోమవారాలకి ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. ఎంత కాలంగా ఉందో కూడా గుర్తులేనంత పాత ఉపాయం. క్లాసులోకి అందరికంటే ముందు వెళ్ళి కుర్చీలో కూర్చుంటుంది. బోర్డు మీద తను రాయదు, పిల్లల చేత రాయిస్తుంది. గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయాక లేస్తుంది. పిల్లల చేత చేయించే పద్ధతి బాగుందని పెద్దసారు ఒకసారి మిగతా టీచర్ల ముందు మెచ్చుకున్నాడు కూడా.

ఆ రోజు తొట్టి లెక్క. ఒక కొళాయి తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది, అడుగున ఉన్న ఇంకో కొళాయి పది గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ ఒక్కసారే తెరిస్తే ఎప్పటికి నిండుతుంది?

"రా అమ్మా, నువ్వు చెయ్యి" అని మూడో బెంచీ వైపు చూసింది. అక్కడ కూర్చునే పిల్లని అందరూ ఎడంచేతి పిల్ల అంటారు. ఎడంచేత్తో రాస్తుంది. లెక్క ఇవ్వడం పూర్తవకుండానే సగం దూరం నడిచొచ్చే రకం. సుద్దముక్క కోసం మొగపిల్లలతో పోట్లాడే రకం.

ఆ పిల్ల లేవలేదు. "రాదు టీచర్" అంది.

క్లాసంతా తిరిగి చూసింది. ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు.

"రాకపోవడమేమిటి? మొన్న ఇంతకంటే కష్టమైంది చేశావుగా."

"మర్చిపోయాను టీచర్."

లెక్కల టీచర్‌కి కోపం వచ్చింది. కడుపునొప్పి సగం, కోపం సగం. "సోమవారం వస్తే చాలు, మీ అందరికీ బద్ధకం ముంచుకొస్తుంది" అని, పక్క వరసలోని పొడుగు కుర్రాణ్ణి పిలిచింది. వాడు హుషారుగా వెళ్ళి రెండు కొళాయిలనీ కలిపేసి, మూడు గంటల నలభై అయిదు నిమిషాలని తేల్చి, కింద రెండు గీతలు కూడా గీశాడు.

"తప్పు. ఇంకెవరు చేస్తారు?" అంది. ఆడపిల్లల వైపు నుంచి ఒక్కరూ కదల్లేదు. ఆమె వాళ్ళని చూసింది. ఊరికే చూడటం కాదు, చూసింది. తెల్లటి వరస. తలలు వంచుకుని, మోకాళ్ళు దగ్గరగా చేర్చి, స్కర్టు అంచుల్ని కిందికి సర్దుకుని, బెంచీకి అతికించినట్టు కూర్చున్నారు. ఇద్దరు బెంచీ మీద పుస్తకం పరుచుకుని దాని మీద కూర్చున్నారు. ఒక పిల్ల చేసంచీ వెనక్కి ఆనించుకుంది. నిశ్శబ్దంగా ఉన్నారు, పెద్దసారు మెచ్చుకునేంత నిశ్శబ్దంగా. ఆమె చూపు మళ్ళీ ఎడంచేతి పిల్ల మీదికి వెళ్ళింది. ఆ పిల్ల బోర్డు మీది తప్పునే చూస్తోంది. ముల్లు గుచ్చుకున్న కాలిని చూసుకున్నట్టు చూస్తోంది. పెదవి కొరుక్కుంటోంది. అప్పుడు లెక్కల టీచర్‌కి తన ఒళ్ళు తనకి గుర్తొచ్చింది. కుర్చీ అంచుకి జరిగి, మీగడరంగు బట్టల కింద మోకాళ్ళు దగ్గరగా చేర్చి, గంట ఎప్పుడు కొడతారా అని ఎదురుచూస్తున్న తన ఒళ్ళు. ఆ పిల్ల ఎందుకు లేవడం లేదో ఆమెకి తెలిసిపోయింది. తను లేవలేక, లేవలేని పిల్లని లెమ్మని గదమాయించింది.

"సరే, వదిలేయండి. ఇంటి దగ్గర చేసుకురండి" అనబోయింది. నోరు తెరిచే లోపల పొడుగు కుర్రాడు, "తప్పెలా అవుతుంది టీచర్? రెండు కొళాయిలుంటే తొందరగానే నిండాలిగా" అన్నాడు.

అది ఆ పిల్ల భరించలేకపోయింది. లేచింది.

లేచి, బెంచీల మధ్య నుంచి నడిచి, సుద్దముక్క తీసుకుని, క్లాసు వైపు వీపు పెట్టి నిలబడింది. తెల్ల స్కర్టు వెనక మరక అందరికీ కనబడింది. అరచేయంత మరక. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకెవరో "ష్" అన్నారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి గానీ ఎడంచెయ్యి ఆగలేదు.

"ఖాళీ చేసే కొళాయిని కలుపుతారా ఎవరైనా?" అంది, బోర్డు వైపే చూస్తూ. "బిందెకి అడుగున కన్నం పెడితే తొందరగా నిండుతుందన్నట్టుంది నీ లెక్క. ఆరోవంతు లోపలికొస్తోంది. పదోవంతు బయటికిపోతోంది. తీసెయ్యాలి. తీసేస్తే పదిహేనోవంతు. అంటే పదిహేను గంటలు." జవాబు కింద గీత గీసింది. ఒక్కటే గీత. అప్పుడు తిరిగి, "నీకు అర్థమైందా?" అని ఆ పొడుగు కుర్రాణ్ణే అడిగింది. వాడు తల వంచుకుని, "అయింది" అన్నాడు.

ఆ తర్వాత చాలా రోజుల వరకూ లెక్కల టీచర్ ఆ క్షణాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. లోకంలో ధైర్యవంతుల గురించి చాలా విని ఉంది. వాళ్ళంతా ఏదో గెలవడానికి వెళ్ళినవాళ్ళు. ఈ పిల్ల వెళ్ళింది ఒక తప్పు లెక్క బోర్డు మీద ఉండిపోకూడదని. సిగ్గు లేక కాదు, చెవులే చెప్పాయి ఎంత సిగ్గుపడిందో. ఆ సిగ్గుని వెంటబెట్టుకునే నడిచి వెళ్ళింది. లెక్క పూర్తయ్యేదాకా దాన్ని పక్కన నిలబెట్టింది. తనకి ఇన్నేళ్ళూ లేని తెగువ ఆ పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ క్లాసులో అప్పుడు ఆమె కుర్చీలోంచి లేచింది. ఏమవుతుందోనన్న ఆలోచన లేకుండా లేచి, పిల్ల పక్కకి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "సరిగ్గా చేశావు" అంది. ఇద్దరూ కలిసే తలుపు దాకా నడిచారు.

మధ్యాహ్నానికి వార్త పెద్దసారు గదికి చేరింది. చేరేటప్పటికి గోరంత కొండంతయింది. పదో తరగతి ఆడపిల్ల కావాలనే అందరి ముందూ నిలబడిందని, టీచర్ అడ్డు చెప్పలేదని. సాయంత్రం పిల్ల తల్లిని పిలిపించారు. ఆమె సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ మధ్యలోంచి వచ్చింది, ఖాకీ బట్టలతో, భుజాన టికెట్ల సంచీతో. కూతురు పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది, ఎవరో ఇచ్చిన నీలం స్కర్టులో.

"చూడమ్మా," అన్నాడు పెద్దసారు, మాటలు వెతుక్కుంటూ. "మీ అమ్మాయి తెలివైందే, కాదనను. కానీ ఒక... ఒక ఇబ్బంది వచ్చినప్పుడు అడిగి బయటికి వెళ్ళాలి. మొగపిల్లలున్న క్లాసు. క్రమశిక్షణ అనేది ఒకటుంటుంది కదా. రేపు ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందూ ఒక్క మాట, తప్పయిందని చెబితే సరిపోతుంది."

కండక్టరు ఆయన మాట పూర్తిగా వింది. తర్వాత లెక్కల టీచర్ వైపు తిరిగింది. "లెక్క కరెక్టేనా మేడమ్?"

"కరెక్టే."

"మొత్తం చేసిందా?"

"మొత్తం చేసింది. రానివాళ్ళకి చెప్పింది కూడా."

"మరి తప్పేదో నాకు బోధపడలేదు సార్" అంది కండక్టరు, చాలా మర్యాదగా.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. శనివారం సభ అయ్యేదాకా పిల్లని ఇంట్లోనే ఉండనివ్వండి, ఆ తర్వాత ఆలోచిద్దాం అన్నాడు. పదో తరగతి, పరీక్షలు నెత్తి మీదున్నాయి. అయినా అదే చివరి మాట. వరండాలో కండక్టరు కూతురి తల మీద చెయ్యి వేసి, "పద, నా బస్సులోనే కూర్చుని చదువుకుందువుగాని. ఆఖరి సీటు ఖాళీగానే ఉంటుంది" అనడం లెక్కల టీచర్‌కి వినబడింది.

ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఉండబట్టలేక జరిగింది చెప్పింది. భర్త కంచంలోంచి తలెత్తకుండా, "తినేటప్పుడా ఆ మాటలు?" అన్నాడు. అన్నం కలుపుకుంటూ, "నీకెందుకొచ్చిన గొడవ? శనివారం వాళ్ళు చెప్పమన్నది చెప్పేసి రా. కుర్చీ వస్తుంది. మా ఆఫీసులో కూడా చెప్పేశాను, మా ఆవిడ ఉప ప్రధానోపాధ్యాయురాలు కాబోతోందని" అన్నాడు. కూతురు నీళ్ళ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని తల్లినే చూస్తోంది.

"సిగ్గులేని పిల్ల" అంది అత్తగారు.

గిన్నెలు తీసేటప్పుడు అత్తగారు వంటగదిలోకి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది. "అంత సిగ్గులేనితనం నాకూ ఉండుంటే బావుండేదే అమ్మాయ్. ఎనిమిదో తరగతిలో, తెల్ల పరికిణీ మీద, నాకూ అలాగే అయింది. మర్నాటి నుంచి వెళ్ళలేదు. ఎందుకు మానేశానని మా నాన్న అడిగితే, చదువు ఎక్కట్లేదని చెప్పాను. ఇప్పటికీ అందరూ అదే నిజమనుకుంటారు. మీ మావగారు పోయేదాకా నన్ను మొద్దు అనే పిలిచారు." అని, తడిచేతులు తుడుచుకోవడానికి కోడలికి గుడ్డ అందించి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. కోడలు ఆ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తెల్లబట్టల గురించి తనకి అన్ని నీతులు చెప్పిన మనిషి తెల్లబట్ట దగ్గరే చదువు ఆపుకుందని ఎలా ఊహిస్తుంది?

మిగతా వారమంతా ఆమె ఉపన్యాసాన్ని మనసులో తిరగరాసుకుంది. యూనిఫాం మంచిదనే మాట కొట్టేయలేకపోయింది, అది తన బతుకులో నిజం. సోమవారం నిశ్శబ్దం కూడా నిజమే. అయితే నిశ్శబ్దమంతా ఒక్కటి కాదు. పాఠంలో మునిగినవాళ్ళ నిశ్శబ్దం వేరు, ఊపిరి బిగబట్టినవాళ్ళ నిశ్శబ్దం వేరు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి, బుద్ధిమంతులని మార్కులేసిన లెక్కల మనిషి తనే. జేబు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ చిన్నపిల్ల కూడా క్లాసులో చాలా బుద్ధిగానే ఉండేది మరి.

శనివారం హాలు నిండిపోయింది. ముందు వరసలో కమిటీ వాళ్ళు, వాళ్ళ వెనక తండ్రులు, వాళ్ళ వెనక తల్లులు, గోడ వారగా మనవల్ని పెంచుతున్న ముసలివాళ్ళు. భర్త రెండో వరసలో ఇస్త్రీ మడత నలగని చొక్కాతో కూర్చున్నాడు, పక్కన కూతురు. తలుపు దగ్గర ఖాకీ బట్టలు కనబడ్డాయి. పెద్దసారు పరిచయం చేసి, "మా లెక్కల టీచర్ ఉత్తుత్తి మాట చెప్పదు" అన్నాడు.

ఆమె ముందు జేబు చిరిగిన గౌను సంగతి చెప్పింది. ముదురు ఆకుపచ్చ యూనిఫాం వచ్చాక తను మొదటిసారి ఎలా చెయ్యెత్తిందో చెప్పింది. తండ్రులు తలలూపారు. కమిటీ వాళ్ళు చిరునవ్వు నవ్వారు. "మనిషికి బట్ట చేసే మేలు అది. నేను లేచి నిలబడ్డానంటే దానివల్లే" అంది.

"సోమవారాలు మన స్కూలు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. తెలుపు వేసుకున్న పిల్లలు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారని చెప్పడానికి నేను సిద్ధమయ్యాను. అది నిజమే. మన ఆడపిల్లలు ఒళ్ళు ఎంత దగ్గర పెట్టుకుంటున్నారంటే, బెంచీలోంచి లేవడం లేదు. బోర్డు దగ్గరికి రావడం లేదు. జవాబు తెలిసి కూడా తెలియదంటున్నారు. నెలలో ఆ నాలుగు రోజుల్లో ఒక సోమవారం పడిందంటే, ఆ రోజంతా వాళ్ళ బుర్ర పాఠం మీద ఉండదు, వెనక ఏం కనబడుతోందో అన్నదాని మీదే ఉంటుంది. మొన్న సోమవారం ఒక పిల్ల లేచింది. లేచి లెక్క చేసింది. ఆ పిల్లని మీరంతా తప్పుపడుతున్నారని విన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన గొప్ప విద్యార్థి ఆ పిల్ల."

హాల్లో ఎవరో దగ్గారు. పెద్దసారు కుర్చీలో కదిలాడు. భర్త ఆమె కళ్ళలోకి చూసి, ఇక చాలన్నట్టు సన్నగా తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆ తల ఊపడం చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ సైగకి తన నోరు దానంతటదే మూతపడుతూ వచ్చింది. ఈసారి మూతపడలేదు.

"ఆ రోజు ఆ క్లాసులో మరక భయంతో లేవకుండా కూర్చున్న వాళ్ళలో పిల్లలు మాత్రమే లేరు. నేను కూడా ఉన్నాను."

కమిటీలో ఒకాయన పైకప్పు వంక చూశాడు. అప్పుడు గోడ వార నుంచి ఒక ముసలావిడ ఎవరితోనూ కానట్టు, "మా మనవరాలు సోమవారం కడుపునొప్పని పడుకుంటే, బడి ఎగ్గొట్టే వేషాలని తిట్టిపోశాను తల్లీ" అంది. తల్లుల వరసల్లో చిన్నగా గుసగుస మొదలై పెద్దదయింది. ఒక తండ్రి లేచాడు, నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. "మా అమ్మాయి సోమవారాలు పొద్దుటి నుంచీ నీళ్ళు తాగదండీ. ఎందుకే అంటే చెప్పదు. ఇప్పుడు తెలిసింది" అని కూర్చున్నాడు.

పెద్దసారు లేచాడు. ఆయన మొహంలో కోపం లేదు, దెబ్బతిన్న ఆశ్చర్యం ఉంది. "అయితే యూనిఫాం వద్దంటావా అమ్మా?"

"కావాలి సార్. వేసుకుని లేచి నిలబడగలిగేది కావాలి."

ఆ తర్వాత సంగతులు చెప్పాలంటే, సోమవారం ఎడంచేతి పిల్ల బడికి వచ్చింది. ఎవరికీ ఏ క్షమాపణా చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. తెలుపు త్వరగా మాసిపోతుంది గనక, తల్లిదండ్రుల సౌకర్యం దృష్ట్యా, వచ్చే టర్ము నుంచి సోమవారం కూడా ముదురు నీలమే అని కమిటీ ప్రకటించింది. అసలు కారణం ఒక్కచోటా నోరారా అనలేదు. మీగడరంగు నియమం గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆడ టీచర్లు ఒకరి తర్వాత ఒకరు మానేశారు, అంతే. ఉప ప్రధానోపాధ్యాయుడి కుర్చీ సైన్సు సారుకి వెళ్ళింది. పెద్దసారు ఆమెతో ముభావంగానే ఉండేవాడు. అయితే ఒకసారి కిటికీలోంచి సోమవారం క్లాసు చూసి, "ఇదేమిటమ్మా, సంతలా ఉంది" అన్నాడు. ఆమె, "అవును సార్, అందరూ జవాబు చెబుతున్నారు" అంది. ఆయన ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు.

కానీ ఇవన్నీ తర్వాతివి. సభ అయిన సాయంత్రం ముగ్గురూ నడిచి ఇంటికి బయల్దేరారు. భర్త రెండడుగులు ముందు నడిచాడు. సందు మలుపు దగ్గర, వెనక్కి తిరక్కుండా, "అంతమంది ముందు చెప్పాల్సిన మాటా అది?" అన్నాడు.

"ఇంట్లో ఒక్కరి ముందు చెబితే మీరు విన్నారా?" అంది ఆమె. గొంతు పెంచలేదు.

ఇంకాస్త దూరం పోయాక కూతురు, "నాన్నా, ఆ మందుల షాపు దగ్గర ఆగాలి" అంది.

"ఏం, తలనొప్పా?"

"కాదు. ప్యాడ్లు అయిపోయాయి. నాకూ అమ్మకీ కూడా."

ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయాడు. భార్య వంక చూశాడు. ఇన్నేళ్ళూ అవి నల్ల కవర్లో, ఆమె సంచీ అడుగున, ఎవరి కంటా పడకుండా ఆ ఇంట్లోకి వచ్చేవి. ఇప్పుడు కూడా ఆమె, "మీరుండండి, నేను తెస్తాను" అంటుందని ఆయన ఎదురుచూశాడు. ఆ మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది కూడా. ఆమె అనలేదు. కూతురి పక్కన నిలబడి, ఎదురింటి డాబా మీది పూలకుండీల వంక చూసింది.

ఆయన ఇటూ అటూ చూసి, షాపు మెట్లు ఎక్కాడు. కౌంటరు మీదికి వంగి ఏదో గొణిగాడు. షాపువాడికి వినబడలేదు. "ఏంటి సార్?" అన్నాడు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడటం ఇద్దరూ చూశారు. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాడు. ఈసారి వీధిలోకి వినబడింది.